వీధి డ్రెయిన్ అర్జీ కౌన్సిల్ ఎజెండా ఎక్కాలంటే ఏం చేయాలి

"మా వీధిలో మురుగు నిలుస్తోంది, దయచేసి డ్రెయిన్ కట్టించగలరు" అని రాసిన అర్జీలు ప్రతి మున్సిపాలిటీలోనూ కట్టలకొద్దీ ఉంటాయి. వాటిలో చాలా వాటిని ఎవరూ కావాలని తొక్కిపెట్టలేదు. ఇంజనీరింగ్ సెక్షన్‌కు ఎస్టిమేటు వేయడానికి పనికొచ్చే వివరం ఆ కాగితంలో ఒక్కటీ ఉండదు. ఎస్టిమేటు లేకపోతే మంజూరు లేదు, మంజూరు లేకపోతే టెండరు లేదు. అందుకే మీరు చేయాల్సింది అర్జీ ఇచ్చి రావడం కాదు, మీ వీధి పని పేరుతో ఒక ఫైలు పుట్టేలా చూడడం. ఫైలంటూ పుట్టాక అది ఏ బల్ల మీద ఆగిందో అడగవచ్చు. అర్జీ దశలోనే ఉంటే అడగడానికి కూడా ఏమీ ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపాలిటీలు 1965 నాటి చట్టం కింద, తెలంగాణలో 2019 నాటి చట్టం కింద నడుస్తాయి. ఆఫీసులో కొన్ని పదవుల పేర్లు మారతాయి గానీ డ్రెయిన్ ఫైలు నడిచే దారి రెండుచోట్లా దాదాపు ఒకటే. లెక్కల కోసం ఇక్కడ 120 మీటర్ల పొడవున్న ఒక మామూలు వీధిని తీసుకుందాం.

ముందు, ఆ పని ఎవరిదో తేల్చుకోండి

డ్రెయిన్ ఉండి పూడిక నిండితే అది పారిశుధ్య విభాగం పని. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు చెబితే సరిపోతుంది, కౌన్సిల్ దాకా పోనక్కర్లేదు. డ్రెయిన్ విరిగినా, అసలు లేకపోయినా ఇంజనీరింగ్ వాళ్లది. డ్రెయిన్ ఉండి, దాని మీద ఎవరో మెట్లు, ర్యాంపు కట్టి మూసేస్తే టౌన్ ప్లానింగ్ వాళ్లది. మూడూ కలిపి ఒకే కాగితం మీద రాస్తే అది మూడు సెక్షన్ల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఒక్కో సమస్యకు ఒక్కో అర్జీ ఇవ్వండి.

ఇంకో రెండు సంగతులు ఇప్పుడే చూసుకోవాలి. మీ వీధి మురుగు కలవాల్సిన పెద్ద కాల్వ ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు పక్కనుంటే అది మున్సిపాలిటీది కాకపోవచ్చు, కలపడానికి ఆ శాఖ అనుమతి కావాలి. రెండోది, మీది ప్రైవేటు లేఅవుట్ అయితే అందులోని రోడ్లను మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) రాసిచ్చారో లేదో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడగండి. చేయకపోతే "ఇది మున్సిపల్ రోడ్డు కాదు" అన్న ఆడిట్ అభ్యంతరం వస్తుందని ఎస్టిమేటు వేయడానికే వెనకాడతారు. ఈ మాట ఆర్నెల్ల తర్వాత తెలిసేకంటే మొదటి రోజే తెలిస్తే మేలు.

టేపు పట్టుకుని కొలవండి

ఈ పని ఇంజనీరుదే. కానీ మీ దగ్గర కొలతలు ఉంటే ఆయన ఎస్టిమేటుకు పునాది దొరుకుతుంది, వీధి మర్చిపోయే వీలుండదు. యాభై మీటర్ల టేపు, పారదర్శకంగా ఉండే పదిహేను మీటర్ల ప్లాస్టిక్ గొట్టం, ఇద్దరు మనుషులు ఉంటే ఒక ఆదివారం ఉదయం చాలు.

వీధి పొడవు, గోడకు గోడకు మధ్య వెడల్పు మూడుచోట్ల, ఎన్ని ఇళ్లు, ఎన్ని కరెంటు స్తంభాలు, వాటి నంబర్లు రాసుకోండి. తర్వాత గొట్టంలో నీళ్లు నింపి తాపీమేస్త్రీలు మట్టం చూసే పద్ధతిలో వీధి ఎగువ నుంచి దిగువ దాకా నేల ఎంత దిగిందో చూడండి. గొట్టంలో గాలి బుడగ ఉంటే మట్టం తప్పు చూపుతుంది. నింపేటప్పుడే బుడగలన్నీ పోయాయో లేదో చూసుకోండి. చివరికి, మురుగు కలవాల్సిన పెద్ద కాల్వ అడుగు మీ వీధి నేల కంటే ఎంత లోతులో ఉందో కర్ర దించి కొలవండి. కాల్వలో పూడిక ఉంటే కర్ర పూడిక మీదే ఆగుతుంది. గట్టి అడుగు తగిలేదాకా పొడవాలి.

ఈ ఒక్క అంకె మొత్తం పని భవిష్యత్తును నిర్ణయిస్తుంది. నేల చదునుగా ఉందనుకోండి. డ్రెయిన్ ఎగువన 30 సెంటీమీటర్ల లోతుతో మొదలై 200కు 1 వాలుతో సాగితే 120 మీటర్లకు 60 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే చివర లోతు 90. పెద్ద కాల్వ అడుగు 80 సెంటీమీటర్ల దగ్గరే ఉంటే మీ డ్రెయిన్ దానికంటే కింద ఉండిపోతుంది. అప్పుడు మురుగు కాల్వలోకి పోదు, కాల్వలోది మీ వీధిలోకి వస్తుంది. 300కు 1 వాలు పెడితే 40 సెంటీమీటర్లే దిగి చివర 70 దగ్గర ఆగుతుంది, పది సెంటీమీటర్ల జారుడు మిగులుతుంది. వాలు తగ్గితే మట్టి త్వరగా పేరుకుంటుంది కాబట్టి పూడికతీత తరచుగా చేయించాలి. చిన్న పట్టణాల్లో కొత్త డ్రెయిన్లు కట్టిన ఏడాదికే నిలిచిపోవడానికి చాలాసార్లు కారణం సిమెంటు తక్కువవడం కాదు, ఈ చివరి మట్టం ఎవరూ చూడకపోవడం.

ఇళ్ల గుమ్మాలు రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా రాసుకోండి. తర్వాత సీసీ రోడ్డు వేసినప్పుడు పాత రోడ్డు తవ్వకుండా మీదే ఆరంగుళాలు పోస్తే పల్లంలోని ఇళ్లలోకి వాన నీరు వస్తుంది. అప్పుడు వాదించడానికి ఈ కొలతే ఆధారం.

అర్జీలో ఏముండాలి

ఒక పేజీ చాలు. కమిషనర్ గారి పేరు మీద రాయండి, కాపీ వార్డు కౌన్సిలర్‌కు, చైర్‌పర్సన్‌కు. విషయం వాక్యంలోనే పని పేరు ఎస్టిమేటులో కనిపించే తీరులో ఉండాలి. ఇలా:

"విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధిలో, డోర్ నంబరు ఫలానా నుంచి ఫలానా వరకు, తూర్పు వైపు సుమారు 120 మీటర్ల సీసీ డ్రెయిన్ నిర్మాణం కోరుట గురించి."

కింద నాలుగు సంగతులు: ఎన్ని ఇళ్లు, మురుగు ఇప్పుడు ఎక్కడ నిలుస్తోంది, ఎక్కడ కలపవచ్చు, అక్కడి మట్టం ఎంత. చేత్తో గీసిన పటం, తేదీ కనిపించే ఫోటోలు నాలుగు. సంతకం చేసేవారంతా డోర్ నంబరుతో పాటు ఆస్తిపన్ను అసెస్‌మెంట్ నంబరు రాయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. పన్ను బకాయి లేని ముప్పై ఇళ్లు అడుగుతున్నాయని కాగితం మీద కనిపిస్తే ఆ ఫైలుకు వచ్చే బలమే వేరు. బకాయిలుంటే ముందు కట్టించండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు వస్తూ ఉంటుంది, అదొక లాభం.

అర్జీని ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర మీ కాపీ మీద వేయించుకోండి. కౌన్సిలర్ చేతికో, మీటింగులో చైర్‌పర్సన్ చేతికో ఇచ్చిన కాగితం తపాల్‌లో ఎక్కకపోతే ఆఫీసు దృష్టిలో అది లేనట్టే. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీ వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ సెక్రటరీకి కూడా ఒక కాపీ ఇవ్వండి, క్షేత్రస్థాయి నివేదిక అక్కడి నుంచే అడుగుతారు. సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వవచ్చు, తెలంగాణలో ప్రజావాణి. కానీ అక్కడ ఇచ్చినదానికి "సంబంధిత శాఖకు పంపడమైనది" అని జవాబు వచ్చి ఫిర్యాదు మూసేసే ప్రమాదం ఉంది. గ్రీవెన్స్‌ను రెండో దారిగానే వాడండి.

అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) వచ్చేదాకా

ఇన్‌వర్డ్ నంబరు పడిన కాగితం కమిషనర్ చూసి ఇంజనీరింగ్ సెక్షన్‌కు రాస్తారు. వారం పది రోజుల తర్వాత వెళ్లి ఆ నంబరు చెప్పి ఏఈ దగ్గరికి చేరిందా అని అడగండి. గుమిగూడి పదిమంది వెళ్లొద్దు. ఇద్దరే, ప్రతిసారీ ఆ ఇద్దరే వెళితే మంచిది. చెప్పిన మాట మర్నాడు ఇంకొకరికి మారకుండా ఉంటుంది.

ఏఈ స్థలం చూడడానికి వచ్చినప్పుడు మీ కొలతలు ఇచ్చి, పెద్ద కాల్వ దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడే మూడు విషయాలు అడగాలి. డ్రెయిన్ మీద కవర్ స్లాబులు ఎస్టిమేటులో ఉంటాయా? అడ్డొచ్చే నీళ్ల కుళాయి పైపులు మార్చే ఖర్చు ఉందా? తవ్విన మట్టి, పాత శిథిలాలు ఎత్తివేసే ఖర్చు ఉందా? ఈ మూడూ ఎస్టిమేటులో లేకపోతే పని మధ్యలో కాంట్రాక్టరు "ఇది నాది కాదు" అంటాడు, నిజానికి అతనిది కాదు కూడా. కుళాయి పైపు లైను వేయాల్సి ఉంటే ముందు అది, తర్వాత డ్రెయిన్, చివరికి రోడ్డు. ఈ వరుస తప్పితే కొత్త రోడ్డును మళ్లీ కోస్తారు.

ఎస్టిమేటును స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్, అంటే ప్రభుత్వ ధరల పట్టిక ప్రకారం వేస్తారు. చివర జీఎస్టీ, 1 శాతం లేబర్ సెస్సు, సీనరేజి (ఇసుక, కంకర మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) లాంటివి కలుస్తాయి. "పది లక్షల డ్రెయిన్" అంటే పది లక్షల కాంక్రీటు కాదని అందుకే గుర్తుంచుకోవాలి. ఎస్టిమేటు మొత్తాన్ని బట్టి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (డీఈఈ), ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ), ఆ పై అధికారి సాంకేతిక మంజూరు ఇస్తారు. ఫైలు పై ఆఫీసుకు వెళ్లి అక్కడ నెలలు ఆగడం ఈ దశలోనే మామూలు. పంపిన తేదీ, లేఖ నంబరు రాసుకుని అక్కడే వాకబు చేయండి.

డబ్బు ఏ పద్దులోంచి?

ఎస్టిమేటు తయారైన వెంటనే అడగాల్సిన ప్రశ్న ఇదే. జనరల్ ఫండ్ అంటే మున్సిపాలిటీ సొంత ఆదాయం, ఆస్తిపన్ను వగైరా. అందులో జీతాలు, కరెంటు బిల్లులు పోను మిగిలేది చాలా ఊళ్లలో తక్కువే. ఆర్థిక సంఘం నిధుల్లో షరతులు ఉంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యం కోసమే కట్టేసింది, మిగతా 40 శాతమే స్వేచ్ఛగా వాడుకునేది. ఏ గ్రాంటు అయినా షరతులు చదివి, మీ డ్రెయిన్ ఏ పద్దుకు సరిపోతుందో అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోండి. ఎస్సీ, ఎస్టీ వాడలకు వేరే పద్దులు ఉంటాయి.

ఇక్కడ కౌన్సిలర్ పాత్ర మొదలవుతుంది. చాలా కౌన్సిళ్లలో నిధులను వార్డుకు ఇంత అని సమానంగా పంచుకుంటారు. అంటే మీ పోటీ పక్క వార్డుతో కాదు, మీ వార్డులోనే ఉన్న ఇంకో మూడు వీధులతో. ఆ వీధుల పెద్దలతో ముందే కూర్చుని ఈ ఏడు ఎవరిది, వచ్చే ఏడు ఎవరిది అని మాట్లాడుకుని, ఆ వరుస కౌన్సిలర్‌కు రాసి ఇవ్వండి. వార్డు ఒకే మాట మీద ఉంటే కౌన్సిలర్‌కు కూడా సభలో అడగడం తేలిక. తెలంగాణలో మీ వార్డుకు వార్డు కమిటీ ఉంటే ఆ కమిటీ సభ్యుల సంతకాలు కూడా తీసుకోండి.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. బడ్జెట్ అంచనాలు అంతకు నెలల ముందే కడతారు. దసరా వెళ్లాక కదిలితే సమయం సరిపోతుంది, ఫిబ్రవరిలో కదిలితే ఆ ఏడాదికి ఆలస్యమైనట్టే. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు కొత్త పనులు మంజూరు కావు, ఆ తేదీలను కూడా లెక్కలో పెట్టుకోండి.

ఎజెండా, సభ, తీర్మానం

కౌన్సిల్ మామూలుగా నెలకోసారి సమావేశమవుతుంది. సెక్షన్ క్లర్కు ఆఫీసు నోట్ రాస్తారు, అది కమిషనర్ ద్వారా చైర్‌పర్సన్ దగ్గరికి వెళ్లి ఎజెండాలో అంశంగా మారుతుంది. ఎజెండా కాపీలు సభకు కొద్దిరోజుల ముందే సభ్యులకు అందుతాయి. అందుకే సభకు కనీసం పది, పదిహేను రోజుల ముందు మీ ఫైలు ఆఫీసు నోట్ దశ దాటాలి. సభ రోజు పొద్దున టేబుల్ ఎజెండాగా పెట్టించడం కుదురుతుంది గానీ దాన్ని చదివే తీరిక సభ్యులకు ఉండదు. ఎవరో ఒకరు అభ్యంతరం చెబితే వాయిదా పడుతుంది. కౌన్సిలర్ దగ్గర ఎజెండా కాపీ చూసి మీ వీధి పేరు, పొడవు, మొత్తం సరిగా పడ్డాయో లేదో చూడండి. వీధి పేరు తప్పు పడితే దిద్దడానికి మళ్లీ ఒక సభ కావాలి.

సభ చూడాలనుకుంటే ముందురోజే మేనేజర్‌ను అడగండి. వెళ్లినా మాట్లాడేది కౌన్సిలరే, మీరు కాదు. ఆయనకు లేదా ఆమెకు నాలుగు వాక్యాల చిన్న చీటీ ఇచ్చి ఉంచండి: ఇళ్ల సంఖ్య, పొడవు, మొత్తం, పద్దు.

అసలు చూడాల్సింది తీర్మానంలోని మాటలు. "నిధుల లభ్యతను బట్టి చేపట్టుటకు ఆమోదించడమైనది" అని ఉంటే ఏమీ ఆమోదించనట్టే. "పరిశీలించి తగు చర్య తీసుకొనుటకు" అన్నా అంతే. పని పేరు, మొత్తం, పద్దు పేరు, టెండరు పిలవడానికి అనుమతి, ఈ నాలుగూ ఉన్నదే పనికొచ్చే తీర్మానం. తీర్మానం నంబరు, తేదీ రాసుకోండి. ఇకపై మీ ఇన్‌వర్డ్ నంబరు కంటే ఇదే ముఖ్యం. కౌన్సిల్ గడువు ముగిసి స్పెషల్ ఆఫీసర్ పాలన నడుస్తుంటే సభ ఉండదు, ఆ అధికారి ప్రొసీడింగ్స్ తీర్మానం స్థానంలో ఉంటాయి. మిగతా దారంతా అదే.

టెండరు ఎందుకు ఖాళీగా వస్తుంది

పని మంజూరైందని మిఠాయిలు పంచాక ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. టెండరు పిలుస్తారు, ఎవరూ వేయరు. పాత బిల్లులు నెలల తరబడి రాకపోతే కాంట్రాక్టర్లు కొత్త పనికి ముందుకు రారు. పని మరీ చిన్నదైతే మిక్సరు, మనుషులను తేవడం గిట్టదని వదిలేస్తారు. ఎస్టిమేటు పాత ధరల మీద ఉంటే అసలే రారు. రెండోసారి టెండరు పిలిచేటప్పుడు మీ వార్డులోని రెండు మూడు చిన్న డ్రెయిన్లను ఒకే పనిగా కలపమని కౌన్సిలర్ ద్వారా అడగండి, చాలాసార్లు ఇది పనిచేస్తుంది. దీనికి విరుద్ధంగా, ఒకే వీధి పనిని ముక్కలు చేసి చిన్న చిన్న మొత్తాలుగా చూపిస్తుంటే అనుమానించాలి. పై అధికారి మంజూరును, బహిరంగ టెండరును తప్పించుకునే పాత దారి అది.

ఎవరైనా ఎస్టిమేటు కంటే మరీ తక్కువకు కోట్ చేసి పని దక్కించుకున్నారంటే సంతోషించకండి. మరింత జాగ్రత్తగా కాపలా కాయాల్సిన పని అది.

పని జరిగే రోజుల్లో

వర్క్ ఆర్డరు, ఎస్టిమేటు కాపీ ముందే మీ దగ్గర ఉండాలి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన 120 మీటర్ల డ్రెయిన్‌ను లెక్కిద్దాం. లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు, రెండు గోడలు ఒక్కోటి 15, అంటే అడుగు వెడల్పు 75. అడుగున 10 సెంటీమీటర్ల బెడ్ కాంక్రీటుకు 120 × 0.75 × 0.10, తొమ్మిది ఘనమీటర్లు. గోడల లోతు 30 నుంచి 70 దాకా మారుతుంది కాబట్టి సగటు 50 సెంటీమీటర్లు, రెండు గోడలకు కలిపి 120 × 0.15 × 0.50 × 2, పద్దెనిమిది ఘనమీటర్లు. ఎం20 కాంక్రీటు 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనమీటరుకు దాదాపు ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది. గోడలకే సుమారు 144 బస్తాలు. ఖాళీ సంచులు లెక్కపెట్టడానికి ఇంజనీరు కానక్కర్లేదు.

తవ్వాక, బెడ్ వేయకముందు, మీ నీళ్ల గొట్టంతో వాలు మళ్లీ చూడండి. కాంక్రీటు పడ్డాక ఇక దిద్దడం లేదు. తప్పు కనిపిస్తే మేస్త్రీతో గొడవ పడొద్దు, వెంటనే ఏఈకి ఫోన్ చేసి, ఫోటోతో కమిషనర్‌కు ఒక లైను రాసి పంపండి. గోడలు పోసేటప్పుడు కాంక్రీటు జారుగా ఉండాలని నీళ్లు ఎక్కువ పోస్తారు. దాంతో ఎండలో పని త్వరగా సాగుతుంది గానీ కాంక్రీటు బలం పడిపోతుంది. 150 మిల్లీమీటర్ల ఘనాకారపు అచ్చుల్లో నమూనాలు పోసి 28 రోజులకు పరీక్షించాలి. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 16 నుంచి 30 ఘనమీటర్ల కాంక్రీటుకు మూడు శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు మూడు ఘనాలు, మొత్తం తొమ్మిది. అవి మీ వీధిలోనే, మీ కళ్లముందే పోశారా అన్నది చూడండి.

తడపడం మీ చేతుల్లో ఉన్న పని. మామూలు సిమెంటుకు ఏడు రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు పది రోజులు కనీసం. మన ఎండలకు రెండు వారాలు తడిపితే మంచిది. గోనెపట్టాలు కప్పి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు పోయాలి. కాంట్రాక్టరు మనిషి రాని రోజున ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకోండి, హక్కుల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

బిల్లు కాకముందే

పని కొలతలు ఎం-బుక్ అనే రికార్డు పుస్తకంలో ఏఈ రాస్తారు, పై అధికారి చెక్ మెజర్‌మెంట్ చేస్తారు, దాని మీదే బిల్లు అవుతుంది. లోపం ఉంటే చెప్పాల్సిన సమయం ఇదే. బిల్లు అయిపోయాక కాంట్రాక్టరును వెనక్కి రప్పించడం చాలా కష్టం. కవర్ స్లాబులు పడలేదనో, చివరి ఎనిమిది మీటర్లు కాల్వలో కలవలేదనో రాతపూర్వకంగా తపాల్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి, కాపీ అకౌంట్స్ సెక్షన్‌కు. రాతలో అభ్యంతరం ఉన్న బిల్లును దాటించడానికి ఎవరైనా ఆలోచిస్తారు.

సమాచార హక్కు దరఖాస్తుకు మున్సిపాలిటీలో రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు, కాపీకి పేజీకి 2 రూపాయలు. "పని వివరాలు ఇవ్వండి" అని అడగొద్దు. పని పేరు, తీర్మానం నంబరు వేసి సాంకేతిక మంజూరు కాపీ, ఒప్పందం, వర్క్ ఆర్డరు, ఎం-బుక్‌లో ఆ పని పేజీలు, క్వాలిటీ కంట్రోల్ పరీక్ష నివేదిక అని ఒక్కొక్కటి విడిగా అడగండి. వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఆ చట్టం ఇస్తుంది. చాలామందికి ఇది తెలియదు. గడువులోగా జవాబు రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేయాలి.

ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎంతో చూసి, పని పూర్తయిన తేదీతో కలిపి ఇంట్లో కాలెండరు మీద రాసుకోండి. ఆ గడువులో గోడ పగిలినా, స్లాబు కుంగినా కాంట్రాక్టరే తన ఖర్చుతో బాగుచేయాలి, అతని డిపాజిట్ అప్పటిదాకా మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది. గడువు ముగియడానికి రెండు నెలల ముందు, వీలైతే ఒక పెద్ద వాన పడిన మర్నాడు, వీధంతా నడిచి ఏది ఎక్కడ పగిలిందో, నీరు ఎక్కడ నిలిచిందో ఫోటోలు తీసి, ఈ పని తీర్మానం నంబరుతో మళ్లీ తపాల్ సెక్షన్‌లో ఇవ్వండి.